కాస్త వదులు

గురువారం సాయంత్రం. వంటింట్లో ఆమె, ఫ్రిజ్ ముందు ఆమె భర్త. గుమ్మానికి అవతల పడక్కుర్చీలో అత్తగారు.

"అదే అడుగుతున్నాను. గురువారంనాడు ఫ్రిజ్ తలుపు మీద తెల్ల మరకెలా వచ్చింది?"

"పిండి అయ్యుంటుంది."

"పిండా? పిండికీ చాక్ పొడికీ తేడా తెలియదా నాకు? ఇన్నేళ్ళుగా రాళ్ళెక్కుతున్నాను. ఇది చేతులకి రాసుకునే పొడే. చూడు, నాలుగు వేళ్ళూ అచ్చుపడ్డాయి."

"అయితే ఆదివారంనాటిది."

"ఆదివారంనాటివి నేనే తుడిచాను. నువ్వు సణిగితే తుడిచాను. 'మీ గుంపంతా కొండ దిగొచ్చి నా వంటింట్లోకి ఎక్కుతారు' అన్నావు, గుర్తులేదా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"మాట మార్చకు. ఎవరిదీ చెయ్యి?"

"తడిగుడ్డ పెట్టి ఓసారి తుడిస్తే పోయేదానికి ఇంత విచారణేమిటండీ? వారం వారం మీవాళ్ళు సోఫా మీదా స్విచ్చుల మీదా తెల్లచేతులు వేసిపోతారు. అప్పుడు లేని పట్టింపు ఇవాళొచ్చిందా?"

"పట్టింపని కాదు. ఊరికే తెలుసుకుందామని."

"తెలుసుకుని ఏం చేస్తారు?"

"అమ్మా, నువ్వేమైనా చూశావా?"

"నన్నెందుకు లాగుతావురా మధ్యలో. పేపరు చదువుకుంటున్నాను."

"కళ్ళజోడు లేకుండానా?"

"పెద్దక్షరాలు చదువుతున్నాను."

"ఆ అరచెయ్యేమిటమ్మా, అలా కందిపోయింది?"

"బట్టలారేసే తాడు జారిపోతుంటే బిగించాను."

"నాతో చెప్పొచ్చుగా. తాడు బిగించడం నాకొదిలెయ్."

"నీకొదిలితే మరీ బిగిస్తావు."

"అత్తయ్యా, టీ ఇంకాస్త పొయ్యనా?"

"పొయ్యమ్మా. వేడిగా ఉంటేనే."

"సరే, ఆ మరక సంగతలా ఉంచు. ఈ ఆదివారం అందరూ మళ్ళీ బోడిగుండు రాతి దగ్గరికే వెళ్దామంటున్నారు. నీకోసమే."

"నాకోసమా?"

"మరి? మన గుంపులో ఆ గుండు ఎక్కనిది నువ్వొక్కదానివే. మొన్న మొన్న చేరినవాళ్ళు కూడా ఎక్కేశారు. నువ్వు చూడబోతే, సగం దూరంలో ఆ చెవిలాంటి అంచు దగ్గరికి రావడం, పడిపోవడం."

"నేను పడలేదండీ. మీరు లాగారు."

"మళ్ళీ మొదలు."

"నా కాలు ఇంకా రాతి మీదే ఉంది. తాడు బిగిసింది. చూసుకునేసరికి గాల్లో ఊగుతున్నాను. దాన్ని పడడమంటారా?"

"నీ తాడు రెండో కొస కింద నా చేతిలో ఉంటుంది. నీ బరువు నాకు తెలుస్తుంది. నువ్వు జారావు, నేను పట్టుకున్నాను. లేకపోతే ఏ మోకాలో పగిలేది."

"ఆ తాడు పైనున్న రింగులోంచి వస్తోంది కదా. పడితే ఎంత పడతాను? మహా అయితే ఓ మూర."

"మూరెడైనా పడడం పడడమే."

"ఈసారి నేను 'వదులు' అన్నప్పుడు వదలండి. ఒక్కసారి. ఇంకేం అడగను."

"చూద్దాం."

"చూద్దాం అంటే వదలనని."

"అబ్బ, సరే, వదులుతాను. అన్నట్టు, నువ్వు ఎక్కితే ఆ పూట పడక్కుర్చీ నీది. మన గుంపు మాటంటే మాటే. కొత్త రాయి ఎక్కినవాళ్ళు కుర్చీ దిగక్కర్లేదు. వంట మాది, వడ్డన మాది, గిన్నెలు మావి."

"ఎక్కనివాళ్ళకి వంటిల్లు."

"అలా అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే వండుతున్నాను."

"అదుగో, ప్రతిదానికీ ఓ మెలిక పెడతావు. అది సరే, ఆదివారం భోజనాలకి ఇద్దరు ఎక్కువొస్తారు. కూర కాస్త ఎక్కువ చెయ్యి."

ఆదివారం ఉదయం, బోడిగుండు దగ్గర. ఆమె రాతి మీద సగం ఎత్తులో ఉంది. కింద తాడు పట్టుకుని భర్త, పక్కన అతని స్నేహితుడు పళ్ళ డాక్టరు. కొంచెం ఎడంగా గొడుగు కింద అత్తగారు.

"ఎడమకాలు పైకి. ఇంకాస్త. నీ మోకాలి పక్కనే బొటనవేలంత అంచుంది చూడు."

"కనిపిస్తోంది."

"దాని మీద పెట్టు."

"నాకు వద్దు."

"వద్దంటుందేమిటి. డాక్టరూ, నువ్వు చెప్పవయ్యా."

"చెల్లెమ్మా, మా కెప్టెన్ చెప్పినట్టు చెయ్యి. నడుము రాతికి ఆనించు. ఊపిరి బిగపట్టకు. కిందికి చూడకు. పైకి మరీ చూడకు."

"కళ్ళు మూసుకోనా అన్నయ్యగారూ?"

"అలా కాదు—"

"మీ పేషెంట్లు నోరు తెరుచుకుని పడుకుంటారు గనక మీకెవరూ ఎదురు చెప్పరు. నా నోరు ఖాళీగానే ఉంది."

"విన్నావా కెప్టెన్, అంత ఎత్తు నుంచి కూడా ఎలా వేసిందో."

"కబుర్లాపి కుడిచేత్తో పైపట్టు అందుకో. ఇదిగో, నేను అందుకున్నట్టు."

"మీకు అందుతుంది. మీరు తాటిచెట్టంత పొడుగు. నాకు అందదు. నేను ముందు ఎడమకి వాలాలి. వాలి, చెవి పట్టుకుని, కాలు దాని మీదికే తెచ్చుకోవాలి."

"అలా ఎవరూ ఎక్కలేదు."

"ఎక్కలేదని తెలుసు. తాడు బిగుతుగా ఉంటే నన్ను కుడికి లాగేస్తుంది. కాస్త వదలండి."

"ఉండు, ముందు కాలు సరిగ్గా పెట్టు."

"సరిగ్గానే ఉంది. వదులు."

"వణుకుతోంది నీ కాలు."

"వణకనివ్వండి. వాలుతున్నాను. వదులు, వదులు."

"వదులుతున్నానుగా... జాగ్రత్త... అదిగో, అదిగో—"

"లాగకండి. నేను బాగానే ఉన్నా... ఏవండీ!"

"పట్టుకున్నాను. పట్టుకున్నాను. భయం లేదు."

"లాగేశారు."

"చూశావా డాక్టరూ. మళ్ళీ అక్కడే పడింది."

"సరిగ్గా అక్కడే. చెల్లెమ్మా, నేనొకటి చెప్పనా?"

"వద్దండి. నన్ను కిందికి దించండి."

"ఇంకోసారి ప్రయత్నించు. ఈసారి నేను చెప్పినట్టు—"

"దించండి. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలి."

"అలిగింది. కాసేపుంటే సర్దుకుంటుందిలే."

"అత్తయ్యా, నీళ్ళ సీసా ఇటివ్వండి."

"ఇందా. ఇక చెప్పెయ్యనా నేను?"

"ఇక్కడొద్దు అత్తయ్యా."

ఆ మధ్యాహ్నం, వాళ్ళింట్లో. బల్ల చుట్టూ, సోఫాల్లో, నేల మీద గుంపంతా కంచాలతో. అత్తగారు పడక్కుర్చీలో.

"నా ఉద్దేశంలో చెల్లెమ్మకి వేళ్ళలో బలం చాలదు కెప్టెన్. రోజూ కాసేపు తలుపు చట్రానికి వేలాడాలి."

"వేళ్ళు కాదయ్యా. షూస్. సైజు చిన్నవి కొనుక్కోమంటే వినదు. లోపల కాలివేళ్ళు ముడుచుకుంటే గానీ అంచు మీద పట్టు దొరకదు."

"నిద్ర సరిపోతోందా చెల్లెమ్మా?"

"కూర వేసుకోండి అన్నయ్యగారూ."

"కూర బ్రహ్మాండంగా ఉంది. నిజం చెప్పాలంటే, నువ్వు ఇన్నాళ్ళూ ఎక్కకపోవడం మా అదృష్టం."

"డాక్టరూ."

"సరదాకన్నాను కెప్టెన్. ఏమనుకోకు చెల్లెమ్మా."

"అసలు సంగతి నేను చెప్తాను వినండి. వేళ్ళూ షూసూ అటుంచండి. భయం. ఆ చెవి దగ్గరికి రాగానే తనకి భయం."

"ఎవరికండీ?"

"నీకే. తప్పేం లేదు, భయం ఎవరికైనా ఉంటుంది. ఒప్పుకుంటే సగం పోతుంది. కూర గిన్నె ఇలా అందుకో."

"మీ ముందే ఉంది. అందరూ ఒక్క నిమిషం వింటారా? ఒక నిర్ణయం చెప్పాలి. వచ్చే ఆదివారం నుంచి నా తాడు మీరు పట్టుకోవద్దు."

"ఎవరు, నేనా?"

"మీరే. అన్నయ్యగారు కూడా వద్దు. ఇన్నాళ్ళూ కిందనుంచి నాకు సలహా చెప్పినవాళ్ళెవరూ వద్దు."

"అంటే ఇక్కడున్నవాళ్ళెవరూ వద్దన్నమాట."

"అవునండి."

"ఇంతమంది ముందు చెప్పాలా ఇది?"

"ఇంతమంది ముందేగా 'పడింది, పడింది' అంటున్నారు."

"మరి ఎవరు పట్టుకుంటారు? తాడు దానంతటదే నిలబడుతుందా?"

"అత్తయ్య."

"ఏ అత్తయ్య?"

"నాకెంతమంది అత్తయ్యలున్నారండీ?"

"అమ్మా? రెండు మెట్లెక్కితే అబ్బా అంటుంది అమ్మ."

"ఎక్కేది అది. నేను కింద నిలబడేదాన్ని. నిలబడితే నాకే నొప్పీ లేదు."

"అమ్మా, నవ్వులాట కాదిది. తాడు పట్టడమంటే—"

"కిందిచెయ్యి తాడు మీంచి తియ్యకూడదు. ఎక్కేముందు ముడి ఇద్దరం చూసుకోవాలి. ఎక్కేవాళ్ళు ఏం అడుగుతున్నారో వినాలి. చెప్పమంటే ఇంకా చెప్తాను. హాల్లో కోచ్ అమ్మాయి నేర్పింది. నేర్పి, పరీక్ష పెట్టి మరీ వదిలింది నన్ను."

"ఏ హాల్లో?"

"నువ్వు ఆఫీసుకెళ్ళాక మేమిద్దరం వెళ్ళే హాల్లో. ఆ రంగురంగుల గోడ ఎక్కడం నేర్పుతారే, అక్కడ."

"ఎప్పటినుంచి?"

"నాకు పేపరు మీద ఆసక్తి తగ్గినప్పటినుంచి."

"అమ్మగారూ, మీరేమీ అనుకోనంటే, బరువుల తేడా కూడా చూసుకోవాలి. మీరూ చెల్లెమ్మా—"

"ఫరవాలేదు, పూర్తిచెయ్యి డాక్టరూ. దానికంటే నేనే బరువు. కింద తాడు పట్టడానికి ఇన్నాళ్ళకి పనికొచ్చింది."

"గోడ వేరు, బోడిగుండు వేరు అమ్మా."

"గురువారం బోడిగుండు దగ్గరే ఉన్నాం. కోచ్ అమ్మాయి పైకెళ్ళి తాడు వేసిపెట్టింది. ఫ్రిజ్ మీద చెయ్యి నాదేరా. చెమటకి తాడు జారుతోందంటే ఆ అమ్మాయే నాకూ పొడి రాసింది. ఇంటికొచ్చి, దాహమేసి, చూసుకోకుండా తలుపు తీశాను."

"గురువారం... ఎక్కిందా తను?"

"పడింది."

"నే చెప్పలేదూ?"

"రెండుసార్లు పడింది. నిజంగా పడింది, కేకేసి మరీ. నేనూ కేకేశాను, అబద్ధమెందుకు. మోచెయ్యి గీసుకుపోయింది. మూడోసారి ఎడమకి వాలింది, చెవి మీదికి కాలు తెచ్చుకుంది, పైకెళ్ళి కూర్చుంది. దిగమంటే కాసేపు దిగలేదు."

"నువ్వేం చెప్పావు కిందనుంచి?"

"నాకేం తెలుసని చెప్పను?"

"ఇదెక్కడి న్యాయమమ్మా. నేను లాగలేదు. నువ్వయినా నమ్ము."

"ప్రతి ఆదివారం గొడుగు కింద కూర్చుని నేను చూసేది నిన్నేరా. దాన్ని కాదు. దాని కాలు ఇంకా కదలదు, నీ చెయ్యి కదిలిపోతుంది."

"కెప్టెన్, పోనీలే, ఇప్పుడిదంతా—"

"ఉండు డాక్టరూ. అమ్మా, నిజంగా ముందే కదులుతుందా?"

"ఇవాళ కూడా."

"నాకు తెలీకుండానే చేస్తున్నానేమో. తను అలా వాలుతుంటే చూస్తూ ఊరుకోలేను. చెయ్యి ఆగదు."

"అందుకే మార్చమంటోంది. అమ్మాయ్, ఇటు రా. ఈ కుర్చీలో నువ్వు కూర్చో."

"మీరు లేవకండి అత్తయ్యా."

"గురువారమే కూర్చోవాల్సినదానివి. మీ గుంపు మాటంటే మాటేనటగా. డాక్టరూ, గిన్నెలు అటున్నాయి. సబ్బు కిటికీలో ఉంది."

"వెళ్తున్నానమ్మగారూ. వెళ్తున్నాను."

"ఒక్క నిమిషం. నువ్వు కూర్చో, కూర్చునే చెప్పు. గురువారమే ఎక్కేసినదానివి, అప్పుడే చెప్పి ఊరుకుంటే సరిపోయేదిగా. ఇవాళ మళ్ళీ నా చేత తాడెందుకు పట్టించావు?"

"పైదాకా దారి నాకు తెలిసిపోయిందండీ. మీరు వదులుతారేమోనని ఎక్కాను."