చెవి దగ్గర స్పాంజీ

షెడ్డులో కడిగి ఆరబెట్టిన నల్లకారు పాలిష్ పూత కోసం సిద్ధంగా ఉంది. పూత పూసే స్పాంజీలు చవకలో రెండు రకాలు తెచ్చిన కూతురు, కాలు కాలిన పిల్లిలా తండ్రి చుట్టూ తిరుగుతోంది.

"తొందరగా తేల్చు నాన్నా, కారాయన వచ్చేస్తాడు. మొన్నటి కారుకి గీతలు పడ్డాయని ఎంత గొడవైందో మర్చిపోయావా?"

"ఆగు తల్లీ. చేతికి అన్నీ మెత్తగానే ఉంటాయి. చెవి దగ్గర రుద్దితే అసలు రంగు బయటపడుతుంది. గరగరమంటే గీతలే. ఇదిగో, ఈ పచ్చది వెన్న!"

"మరి నీలంది?"

"ఇదీ వెన్నే. ముప్పై ఏళ్లు పాలిష్ మిషన్ పక్కనే బతికిన చెవి ఇది, తప్పు చెప్పదు."

కూతురు రెండూ తన చెవి దగ్గర రుద్ది చూసింది. పచ్చది గరగరమంది.

"నాన్నా, ఇంకోటుంది. కళ్లు మూసుకో."

బల్ల మీది గరుకు కాగితాన్ని మడిచి అతని చెవి పక్కనే బరబరా రుద్దింది.

"ఆహా! దీన్ని మించింది లేదు. ఇదే తీసుకో. ఏదీ, చూపించు!"

ఆమె కాగితాన్ని వెనక దాచుకుంది.

"ఏం లేదు నాన్నా. ఇకనుంచి నేను విని చెప్తాను, నువ్వు పూత వెయ్యి."

"మంచిదే, నేర్చుకో. నా చెవి ఎల్లకాలం ఉంటుందా?"