పుంజు కాలికి కట్టు

రొయ్యల బుట్టలో కాలు విరిగిన కోడిపుంజును పెట్టుకుని, సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన ఆమె పశువుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది. కాంపౌండరు బుట్టలోకి తొంగి చూసి నవ్వాడు.

“కోడికి కట్టేందక్కా? కోసి కూరొండుకోక!”

“కూరొండుకునేదానికైతే నీ దగ్గరకెందుకొస్తానన్నా? కుక్క నోట్లోంచి లాక్కొచ్చినాను.”

“డాక్టరు గారు గేదెల్ని చూడను పోయినారు.”

“అయితే నువ్వు కట్టు.”

“నేనా? నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు.”

“మా ఇంట్లో పొద్దుటి నుంచి నవ్వతానే ఉండారు. మా ఆయన కత్తి కూడా నూరినాడు. పొదగేసి పెంచింది నేను. దీన్ని కోసే మాట నా ముందర ఎవురూ అనగూడదు.”

“కట్టినా కుంటతాది.”

“కుంటనీ. పరుగు పందేనికి పంపతానా?”

అతను లోపలికి పోయి రెండు పుల్లలు, గుడ్డపట్టీ తెచ్చాడు. కట్టు బిగిసేదాకా పుంజు వణుకు ఆమె అరచేతులకు తెలుస్తూనే ఉంది.

“మూడు వారాలు కాలు కింద పెట్టనీబాక. నీ వల్ల కాదులే.”

“చంకనేసుకోని తిరగతాను.”

“చేపలు అమ్మను పోయేటప్పుడు?”

“అప్పుడూ అంతే.”

“సరే, ఆ సందులోంచి పోక్కా. ఎవురూ చూడరు.”

ఆమె ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, పుంజును చంకకెత్తుకుని, నడిబజారులోంచే బస్టాండుకు నడిచింది.