మామకు ఎదురుంగ ఎవలు?

జనగామలో వరంగల్లు రైలెక్కినప్పటి నుంచి, కాళ్లు లాగుతున్నా కోడలు నిలబడే ఉంది. మామ కిటికీ పక్కన కూర్చొని ఆమె పరీక్ష పుస్తకంలోని ప్రశ్న మళ్లీ అడిగాడు.

“బల్లకు నాలుగు దిక్కుల నలుగురు కూసున్నరు. అత్తకు కుడిపక్క మామ, ఎడమపక్క కోడలు, మిగిలిన దిక్కు కొడుకు. మామకు ఎదురుంగ ఎవలు?”

“కొడుకు, మామా.”

“మళ్ల తప్పు! కోడలే గద.”

“ఎరుకే. కని చెయ్యి రాయనంటది. మామ ముంగట కోడలు కుర్చీల ఎట్ల కూసుంటది?”

“జరసేపైతె పరీక్ష. ఈసారి తప్పితె నీ వయసు దాటిపాయె. రేపు నౌకర్ల గూడ గిట్లనే నిలవడ్తవా?”

ఆమె కొంగు భుజం నిండా కప్పుకుంది.

“నా ఎదురుంగ సీటు ఖాళీగనే ఉన్నది. కూసో బిడ్డా.”

“మనూరోళ్లు ఎవలన్న చూస్తె?”

“చూడనీ. కూసొని చెప్పు. మామకు ఎదురుంగ ఎవలు?”

ఆమె సీటు అంచున కూర్చుంది.

“నేనే, మామా.”