రెండుసార్లు గీసిన గీత

(కొత్తపేట, 30 జూన్ 2008)

అధ్యక్షత వహిస్తున్న విశ్రాంత ఇంజనీరు సూర్యారావుగారికి, ఈరోజు రిటైరవుతూ ఈ ఉక్కలో శాలువాతో కూర్చున్న హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ మాణిక్యాలరావుగారికి, డ్రాయింగ్ సెక్షన్ మిత్రులకు, మూడో వరసలో ఉన్న బుజ్జమ్మగారికి నమస్కారం. మాణిక్యాలరావుగారూ, ఇక శాలువా తీసేయొచ్చండీ, ఫోటో అయిపోయింది. (నవ్వులు)

నేను విలేకరిని. ఇంతకుముందు మాట్లాడినవారు ఆయన్ని చాలా పొగిడేరు. నాకు పొగడటం రాదు. 2001లో జరిగిన ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను.

ఆ ఏడాది ఈ ఆఫీసుకి మొదటి కంప్యూటర్ వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలని నోటీసు కూడా పెట్టేరు. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ వేసిన నెలలోపే గొడవ మొదలైంది. గీత చెరిపితే పోవడం లేదు. కత్తిరిస్తే తెగడం లేదు. మాణిక్యాలరావుగారు మౌస్ మార్పించేరు. రాజమండ్రి నుంచి వచ్చిన మెకానిక్ వైరస్ అన్నాడు, మొత్తం తీసి మళ్లీ వేశాడు, అయినా గీత పోలేదు. చివరికి, "ఒక్కోసారి తెర మీద పాత మరకలు ఉండిపోతాయండీ, ప్రింటులో రావు" అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. మన మాణిక్యాలరావుగారు పెద్దమనిషి, నమ్మేరు.

ఆ సమయంలోనే మురుగు కాలువ వెడల్పు చేసే పటం తయారవుతోంది. మొదట వేసిన హద్దు బుజ్జమ్మగారి పెంకుటింటి మధ్యనుంచి పోయింది. ఆవిడ ఆ ఇంట్లోనే కొబ్బరి పీచు తాళ్లు పేని బతుకుతున్నారు. సూర్యారావుగారు స్వయంగా వెళ్లి చూసి, హద్దుని ఎనిమిది మీటర్లు తూర్పుకి, ఖాళీ స్థలంలోకి జరిపించేరు. మాణిక్యాలరావుగారు పాత గీత చెరిపి కొత్తది గీసేరు. పాతది తెర మీద ఇంకా కనిపిస్తోంది. మరకే కదా అనుకున్నారు.

ప్రింటులో మరక కూడా వచ్చింది. అప్పటికే ఆయన సెలవు మీద ద్రాక్షారామం వెళ్లేరు. పటం ఆయన చూడకుండానే పంచాయతీ బోర్డు ఎక్కింది. హద్దులు రెండుంటే ఏది తీసుకోవాలో తెలియక, మార్కింగుకి వచ్చినవాళ్లు ఇంటి మీదుగా పోయేదే తీసుకున్నారు. బుజ్జమ్మగారి గోడకి ఎర్ర రంగు పడింది. నేను పటం చూసేను, గోడ చూసేను, ఇల్లు పోతుందని మొదటి పేజీలో రాసేను. అభ్యంతరాలకి గడువు శుక్రవారం. ఇది మంగళవారం మాట.

బుధవారం ఈ సెక్షన్‌లోనే పనిచేసే సత్యశ్రీగారు కొత్త హద్దు గీత చుట్టూ మౌస్‌తో గడి గీసి దాన్ని పట్టుకున్నారు. తెర అడుగున ఒక లెక్క వచ్చింది.

"సార్, ఒక్కటే కనిపిస్తోంది. ఇదేమో రెండు దొరికేయంటోందండీ."

ఆ ఉదయమే సెలవు నుంచి వచ్చిన మాణిక్యాలరావుగారు తెర దగ్గరికి వంగి చూసేరట. తర్వాత, "ఆయ్, రెండే ఉంటాయమ్మా. నేను రెండుసార్లే గీస్తాను" అన్నారట.

ఇరవై ఆరేళ్లు ట్రేసింగ్ కాగితం మీద ముందు పెన్సిల్‌తో, దాని మీద ఇంకుతో గీసిన చెయ్యి. కంప్యూటర్ మీద కూడా ప్రతి గీతనీ ఒకసారి గీసి, దాని మీదే మళ్లీ గీసేది. పైది చెరిపితే అడుగుది అక్కడే ఉండేది. వైరస్ కాదు. (నవ్వులు)

సూర్యారావుగారు ఆ రోజు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చేరు. ఆయన ఎదురుగానే చెప్తున్నాను. "కంప్యూటర్ లోపమని రాసేద్దామండీ, ఎవరడుగుతారు?" అన్నారు. కంప్యూటర్ లోపమైతే పటం మొత్తం అనుమానమే, మళ్లీ సర్వే చెయ్యాలి, ఎనిమిది నెలలు. అంతవరకూ గోడ మీద ఎర్ర రంగు అలాగే ఉంటుంది. మనిషి పొరపాటైతే, చేసినవాడు సంతకం పెట్టి ఆ రోజే సవరించొచ్చు.

"కంప్యూటర్‌కి ప్రమోషన్ లేదు కదండీ, ఆపడానికి. నాకుంది" అని మాణిక్యాలరావుగారు తప్పు తనదని రాసి సంతకం పెట్టేరు. గురువారం సాయంత్రానికి సత్యశ్రీగారూ ఆయనా కూర్చుని రెండో గీతలన్నీ ఏరేసేరు. శుక్రవారం కొత్త పటం బోర్డెక్కింది. ఇల్లు నిలిచింది. ఆయన ప్రమోషన్ మూడేళ్లు ఆగింది.

ఇక నా సంగతి. ఆ సవరణ వార్త నేనే రాసేను. నాలుగు లైన్లు, లోపలి పేజీలో, బస్సుల టైముల కింద. "కంప్యూటర్ లోపం వల్ల" అని రాసేను. ఆయన సంతకం చేసిన కాగితం నకలు అప్పుడు నా జేబులోనే ఉంది. మొదటి పేజీలో నేను రాసిన వార్తకి అలా రాస్తేనే మర్యాదగా ఉంటుందనిపించింది.

బుజ్జమ్మగారు మర్నాడు నన్ను బస్టాండులో పట్టుకున్నారు. "ముందు పేజీలో నా ఇల్లు పడగొట్టేసి, బస్సుల టైముల కింద కట్టేరేంటి బాబూ?" అన్నారు. (నవ్వులు) ఆవిడ ఇప్పుడూ నవ్వడం లేదు, చూడండి.

మాణిక్యాలరావుగారు మాత్రం ఏమీ అనలేదు. "ఇల్లుందని రాసేరు కదండీ, చాలు" అన్నారు. నాకది ఏడేళ్లుగా చాలలేదు.

అందుకని రేపటి పేపర్లో, మొదటి పేజీలో, ఒక సవరణ వస్తుంది. ఇప్పుడే చదువుతాను: "2001లో కాలువ పటంలో దొర్లిన పొరపాటు కంప్యూటర్‌ది కాదు. అది డ్రాఫ్ట్స్‌మన్ మాణిక్యాలరావుగారిది. ఆయన ఆ రోజే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది ఈ విలేకరి."



విన్నందుకు కృతజ్ఞతలు. బుజ్జమ్మగారూ, రేపు బస్సుల టైముల కింద వెతక్కండి. మాణిక్యాలరావుగారూ, నాకు సెలవిప్పించండి.