గొళ్ళెం బయటే ఉంటుంది

పాత కంటైనర్లు అమ్మే, అద్దెకిచ్చే యార్డు. పొద్దున పది గంటలు. ఇరవై అడుగుల నీలం పెట్టె లోపల మొగుడు, బయట గొళ్ళెం దగ్గర పెళ్ళాం. పెట్టెకి చిల్లులున్నాయేమో తెలియాలంటే ఒకరు లోపలికెళ్ళి, తలుపు మూయించుకుని, ఎక్కడన్నా వెలుతురు కనిపిస్తుందేమో చూడాలి. ఈ పనికి తనంతట తాను ముందుకొచ్చింది మొగుడే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకూడదు.

“మూసేశావా?”

“మూసేశాను. ఏమన్నా కనిపిస్తోందా?”

“ఏం కనిపిస్తుంది, కటిక చీకటి. నా చెయ్యి నాకే కనిపించడం లేదు. భేషైన పెట్టె. తియ్యి.”

“అప్పుడేనా? కళ్ళు చీకటికి అలవాటు పడాలి, పది నిమిషాలుండాలని యార్డాయన చెప్పాడుగా. పైకప్పు మూలలు చూడండి. తలుపు రబ్బరు చుట్టూ చూడండి.”

“చూశాను. ఎక్కడా చుక్క వెలుతురు లేదు.”

“ఇంత తొందరగానా? ఇంట్లో కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని గంట వెతుకుతారు.”

“అది వేరు.”

“ఏం వేరు?”

“అక్కడ నువ్వు పక్కనుంటావు. కంగారు.”

“అమ్మా, సారు లోపలే ఉన్నారా?”

“లోపలే ఉన్నారు. మీరు చెప్పినట్టే పది నిమిషాలూ చిల్లులు చూస్తున్నారు.”

“చూడనివ్వండి. యార్డులో దీనంత మంచి పెట్టె ఇంకోటి లేదు. ఇంతకీ కొంటారా, అద్దెకా? కొంటే మీ ఇష్టం, కిటికీ కూడా కోయించుకోవచ్చు. అద్దెకైతే మేకు కొట్టినా ఊరుకోం.”

“కొంటాం.”

“విన్నారుగా, లోపల్నించి చెబుతున్నారు. కొంటారట. ఎనిమిదేళ్ళుగా పెరట్లో నాలుగు రేకులు వేయించండి మహానుభావా అంటే ‘చూద్దాం’ అన్న మనిషి.”

“అయితే సార్, తలుపులు ఎటు రావాలో ఇప్పుడే చెప్పాలి. లారీ ఎక్కించేటప్పుడే తిప్పి పెట్టాలి. దింపాక తిప్పడం మా తాతల వల్ల కూడా కాదు. డ్రైవరు వైపా, వెనకవైపా?”

“ఇంటివైపు.”

“ఇంటివైపంటే లారీకేం తెలుస్తుంది సార్.”

“పెరటి గుమ్మం దిగగానే పెట్టె తలుపులుండాలయ్యా. మా ఆవిడ చెప్పులేసుకోకుండా వెళ్ళొచ్చేట్టు.”

“మీ సందులోకి లారీ ముందుకొస్తుందా, వెనక్కొస్తుందా?”

“వెనక్కి. గుమ్మం సందు చివర ఉంటుంది.”

“అయితే వెనకవైపు తలుపులు. రాసుకుంటాను. కింద పెట్టే దిమ్మలు మేమే తెస్తాం. తాపీగా చూసుకోండమ్మా, నేను ఆఫీసులో ఉంటా.”

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు.”

“అయితే తియ్యి.”

“తీస్తాను. ఒక్కమాట అడిగి తీస్తాను.”

“ఇంటికెళ్ళాక అడుగు.”

“ఇంట్లో అడిగితే మీకు నీళ్ళ ట్యాంకు గుర్తొస్తుంది. మొన్న అడిగితే మేడమీదకెళ్ళి ట్యాంకులోకి అరగంట తొంగి చూశారు. ఇక్కడ ట్యాంకు లేదు.”

“ఈ గొళ్ళెం లోపలివైపు ఉండదా?”

“ఉండదట. బయటే ఉంటుందట. ఎవడు కనిపెట్టాడో గాని, పెళ్ళయినవాడే అయ్యుంటాడు.”

“సరే, అడుగు. త్వరగా అడుగు.”

“ఆ గది ఎవరికి?”

“ఏ గది?”

“ఇంట్లో మనకి ఎన్ని గదులున్నాయండీ? మనం పడుకునేది ఒకటి. నా వేషాలుండేది ఒకటి. ఆరొందల వేషాలు, బళ్ళకీ నాటకాలకీ అద్దెకిచ్చి పిల్ల చదువు లాక్కొచ్చిన వేషాలు. వాటిని ఉన్నట్టుండి ఈ పెట్టెలోకి తోలేసి గది ఖాళీ చేయిస్తున్నారు. ఎవరి కోసం?”

“నీ కోసమే. నీకు ఇబ్బందిగా ఉంటోందని.”

“నాకా?”

“నాకూ. ఎలుగుబంటి తల తగిలి బోర్లా పడ్డాను. దేవదూత రెక్కలు బీరువామీద నుంచి ఈకలు రాలుస్తున్నాయి. నిన్న నా టిఫిన్లో ఈక వచ్చింది.”

“ఎనిమిదేళ్ళుగా వస్తోంది. తింటున్నారు. ఇప్పుడేమొచ్చింది? మీ అక్క గారికేనా గది?”

“మా అక్కా? మా అక్క మనింటికొస్తుందా?”

“ఎందుకు రాదు? వస్తే పోతుందా? పోయినసారి నాలుగు రోజులని వచ్చి నా రాణి కిరీటం పెట్టుకుని అద్దం ముందు నలభై రోజులుంది.”

“అక్క కాదు. ఒట్టు.”

“మరి బాత్‌రూమ్ గోడకి పట్టుకునే కమ్మీ ఎందుకు బిగించారు?”

“జారతానేమోనని.”

“మీరు జారేవాళ్ళు కాదులెండి, నూనెలో ముంచి తీసినా ఎక్కడో ఒకచోట పట్టుకుంటారు. ఇంకోటి. గురువారం గురువారం షటిల్ ఆడుతున్నానని వెళ్తున్నారు. నాలుగు నెలలయింది. పొట్ట అంగుళం తగ్గలేదు. చొక్కా మీద చెమట మరక లేదు. మొన్న జేబులో కళ్ళల్లో వేసుకునే చుక్కలమందు దొరికింది. ఏమిటండీ, బంతి కంట్లో పడుతోందా?”

“షటిల్లో బంతి ఉండదు.”

“ఆ మాత్రం తెలుసన్నమాట.”

“ఉక్కగా ఉందే ఇక్కడ.”

“రెండు పక్కలా గాలి కన్నాలున్నాయట. మాట వినిపిస్తోందంటే గాలి కూడా ఆడుతున్నట్టే. ఎవరావిడ?”

“ఆవిడెవరని అడుగుతావేం? ఈ వయసులో నాకెవరుంటారు?”

“అదే నేనూ అనుకున్నాను. కళ్ళు సరిగా కనిపించని మనిషెవరన్నా అయితేనే మిమ్మల్ని ఇష్టపడుతుందని కూడా అనుకున్నాను.”

“దగ్గరికొచ్చావు.”

“ఏమన్నారు?”

“కళ్ళు కనిపించవు. అది నిజమే.”

“ఎవరికి?”

“చెబితే తలుపు తీస్తావా?”

“చెప్పండి ముందు.”

“ముందు తీస్తానను.”

“చెప్పండి.”

“మీ అమ్మకి.”

“...”

“ఉన్నావా? ఏమేవ్? వెళ్ళిపోయావా ఏమిటి? ఇదిగో, మాట్లాడు. తిట్టు పోనీ.”

“ఉన్నాను.”

“రెండో కన్ను ఆపరేషన్ కుదరలేదు. నీడలు తప్ప ఆనడం లేదు. గురువారాలు నేను తీసుకెళ్ళేది కంటాసుపత్రికి. ఒక్కత్తీ ఉండలేదు, వచ్చేయమన్నాను.”

“ఎవర్నడిగి?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను కాబట్టి అడగలేదు. బావుంది. పదకొండేళ్ళ క్రితం నా గదికి ఆవిడేం చేసిందో మీకు తెలుసా, మర్చిపోయారా?”

“తెలుసు.”

“తెలిస్తే చెప్పండి. లోపల ఖాళీగానే ఉన్నారుగా.”

“నువ్వు ఊరెళ్ళినప్పుడు పుట్టింట్లో దాచిన వేషాలు పాతబట్టలవాడికి ఇచ్చేసింది.”

“ఎన్ని?”

“పదహారు.”

“నేను చేత్తో కుట్టిన మొట్టమొదటి పదహారు. మా నాన్న పంచెలు చింపి కుట్టిన సింహం వాటిలోనే ఉంది. వాటికి బదులు ఆవిడేం తీసుకుంది?”

“బకెట్.”

“ఏ రంగు?”

“రంగెందుకే ఇప్పుడు?”

“ఆకుపచ్చ. ప్లాస్టిక్ బకెట్. మూత కూడా లేదు. నేను వచ్చి నా పెట్టెలేవీ అంటే, ‘ఆ పీలికలకి బకెట్ రావడమే ఎక్కువ’ అంది. నవ్వుతూ అంది. నాకు ఎంత ఏడుపొచ్చిందో తెలుసా? ఆ రోజు గుమ్మం దిగాను, మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు రెండోసారి, అదే మనిషి కోసం, నా బట్టలే గదిలోంచి బయటికి పోవాలా? ఈసారి బకెట్ బదులు పెట్టె ఇస్తున్నారు మీరు. అంతేగా తేడా?”

“పారెయ్యడం లేదే. గుమ్మం దిగగానే తలుపులు పెట్టిస్తున్నాను.”

“వేషాలు గదిలోనే ఉంటాయి. ఆవిణ్ణి తెచ్చి పెట్టెలో పెట్టుకోండి. గాలి ఆడుతుంది, వాన పడదు, మీకిష్టమైతే కిటికీ కోయించండి. మీ అత్తగారు, మీ ముచ్చట.”

“మాటలు జాగ్రత్త. కొంచెం మెల్లిగా మాట్లాడు.”

“ఇక్కడెవరున్నారు వినడానికి?”

“ఎవరూ లేరులే. అయినా మెల్లిగా మాట్లాడు.”

“ఎందుకు రమ్మన్నారండీ? నాకు చెప్పకుండా అంత పనేం పడింది?”

“పోయిన నెల కరెంటు మీటరు చూసుకునేవాడు వెళ్తే, అది నేననుకుంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. గంట కూర్చున్నాడట పాపం. లేవడానికి మనసొప్పలేదట వాడికి. నేను వెళ్ళేసరికి ఇద్దరూ కాఫీ తాగుతున్నారు.”

“మీకూ వాడికీ గొంతులో తేడా తెలియలేదా?”

“వాణ్ణి మాట్లాడనిస్తేగా.”

“ఏం చెప్పిందట గంటసేపు?”

“నువ్వు వినవులే.”

“ఏం చెప్పిందో చెప్పండి.”

“ఆరొందల వేషాలున్నాయట నీ దగ్గర. పులికి వేళ్ళ గోళ్ళు కూడా విడివిడిగా కుడతావట. ఈ చుట్టుపక్కల ఏ బళ్ళో నాటకమైనా నీ గుమ్మం తొక్కాల్సిందేనట. వాడు నాకు అప్పజెప్పాడు. మనకంటే వాడికే బాగా వచ్చింది.”

“పులి గోళ్ళ సంగతి ఆవిడకెవరు చెప్పారు?”

“గురువారాలు అడుగుతుంది. ఆసుపత్రిలో వరస వచ్చేదాకా వేరే కబుర్లేముంటాయి? ఈ వారం ఏం కుట్టింది, దేంతో కుట్టింది. నేను తెలిసీ తెలియక చెబితే, కాదు అలా కుట్టదు అది, మళ్ళీ చూసి రా అని తిడుతుంది.”

“అందుకా మీరు నా మిషను పక్కన నిలబడి దారం పేరు అడిగేది?”

“మరి? నాకు దారంతో ఏం పని?”

“అమ్మా, ఏమనుకోకండి. ఆఫీసులో కూర్చోబెట్టిన పెద్దావిడ ఆగనంటే ఆగనన్నారు. పెట్టెలు తడుముకుంటూ వచ్చేస్తున్నారు. పడతారేమోనని నేనే పట్టుకొచ్చాను.”

“ఏ పెద్దావిడ?”

“పొద్దున్నే సారు ఆటోలో దింపారు గదమ్మా. మీరు రాకముందు. సార్, తప్పేమన్నా అయిందా?”

“అయింది. నేను ఇంకో వారం ఇందులోనే ఉంటాను, మీరు వెళ్ళండి.”

“బాబూ, నువ్వు మాట్లాడకు. నువ్వు నాతో ఏం చెప్పావు? అమ్మాయి ఒప్పుకుంది, గది సర్దుతోంది, ఇక్కణ్ణించే ఇంటికి తీసుకెళ్తాను అన్నావు.”

“సర్దుతోంది అన్నాను అత్తయ్యా. ఒప్పుకుంది అని మీరు చేర్చుకున్నారు.”

“పెద్దావిడగారూ, ఆ స్టూలు మీద కూర్చోండి.”

“అక్కర్లేదయ్యా. ఏమే, ఎక్కడున్నావు? ఇటేనా? కాస్త మాట్లాడితే అటు తిరుగుతాను.”

“...”

“సరే, మాట్లాడకు. నేను విన్నానులే. కళ్ళు పోయాయి గాని చెవులు శుభ్రంగా ఉన్నాయి. అంత గట్టిగా అరిస్తే ఆఫీసు దాకా వినిపించింది. నీ గొంతు వినే లేచాను. పదకొండేళ్ళయింది విని.”

“అత్తయ్యా, నెమ్మదిగా.”

“నిన్ను మాట్లాడద్దన్నానా? ఆ బకెట్ వాడలేదే. ఒక్క చెంబెడు నీళ్ళు పట్టలేదు దాంట్లో. మర్నాడే వీధి వీధీ తిరిగాను వాడి కోసం. దొరికాడు కూడా. అప్పటికే అన్నీ ఎక్కడో దులిపేశాడు వెధవ. సింహం తోక ఒక్కటి ఇచ్చాడు. నీకు మొహం చూపించాలంటే సిగ్గేసి ఊరుకున్నాను. ఊరుకుంటే ఇన్నేళ్ళయిపోయింది.”

“తోక ఉందా?”

“ఎవరది, నువ్వేనా మాట్లాడింది? ఉంది. సంచిలో తెచ్చాను. ఈ కళ్ళు బాగున్నప్పుడే తేవాల్సింది, నీ మొహం చూడ్డానికైనా పనికొచ్చేవి. ఇదిగో, ఆ గది వద్దు నాకు. నువ్వన్నావే, బానే అన్నావు. నీ బట్టలు ఎక్కడున్నవి అక్కడే ఉంచి, నన్ను ఈ పెట్టెలో పెట్టు. గుమ్మం దిగగానే అంటున్నాడుగా, నాకదే ఎక్కువ. తప్పు చేసినదాన్ని నేను. అల్లుణ్ణి బయటికి తియ్యి ముందు.”

“అమ్మా, నేను తీస్తానుండండి. సారు ఉడికిపోతున్నట్టున్నారు.”

“మీరుండండి, మీరు తియ్యద్దు.”

“అదేంటమ్మా?”

“ఇది మా ఇంటి గొడవ, మేం తీసుకుంటాం. గొళ్ళెం కడ్డీ బరువుగా ఉంది, ఇద్దరు లాగాలి. ఇటు రా నువ్వు.”

“ఎవర్నే, నన్నా? నాకు కడ్డీ ఏదో కనిపించదు.”

“కనిపించక్కర్లేదమ్మా. చెయ్యిలా ఇయ్యి, ఎక్కడుందో నేను చూపిస్తా.”