ఎవరి వంతు కేసు వారికే

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం నాడు, మావారు ఈ న్యాయస్థాన సముదాయంలోని కేసుల కేటాయింపు విభాగంలో గుమాస్తాగా ప్రవేశించారు. ఆయన పదవీ విరమణకు వెలువడుతున్న ఈ సంచికలో ఆయనను అభినందించే బాధ్యత నిజానికి సహోద్యోగులది. అయితే సంబంధం ఉన్నవారు తప్పుకోవాలని ఆయనే నేర్పిన నియమం ప్రకారం, కొందరు శిష్యులమనీ, కొందరు స్నేహితులమనీ, మరొకరు ఆయనతో ఇంకా మాటలు లేవనీ తప్పుకోగా, వ్యవహారం జారి జారి మా వంటగదికి చేరింది. ఆయనతో ఏ సంబంధమూ లేనిదాన్ని నేనొక్కదాన్నే అని కమిటీ వారు నిర్ధారించినట్టున్నారు.

ఆయన పని ఏమిటో బంధువుల్లో చాలామందికి నేటికీ తెలియదు. దాఖలైన ప్రతి కేసూ వంతు ప్రకారం తర్వాతి న్యాయమూర్తికే వెళ్ళాలి. కోరుకున్నవారి దగ్గరికి వెళ్ళకూడదు. ఆ న్యాయమూర్తికి అందులో బంధుత్వమో లాభనష్టమో ఉంటే తప్పుకోవాలి, కేసు ఆ తర్వాతి వారికి పోవాలి. అందరూ తప్పుకుంటే బయటి కోర్టు నుంచి ఒకరిని రప్పించాలి. ఇంతే. ఈ ఇంత కోసం ఒక పెద్ద వకీలుగారు మా సోఫాలో కూలబడి, "ఆ మూడో కోర్టు అయ్యగారు మరీ గట్టి మనిషండీ, కాస్త రెండో కోర్టుకి పడేలా చూద్దురూ" అని బతిమాలారు.

"గట్టివాళ్ళకి కూడా పని ఉండాలి కదండీ," అన్నారు మావారు. వకీలుగారు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళారు.

అనంతరం సూపరింటెండెంటుగా పదోన్నతి పొంది ఒక చిన్న పట్టణానికి వెళ్ళారు. అక్కడి న్యాయమూర్తిగారికి ఊళ్ళో సగం మంది బావమరుదులు, మిగతా సగం ఆయన మీద అలిగిన బంధువులు. ఏ కేసు వచ్చినా ఆయన తప్పుకుని, ప్రశాంతంగా పత్రిక చదువుకునేవారు. మావారు పైవారికి విన్నవించి, ఆయనను ఒక్క చుట్టం కూడా లేని ఊరికీ, అక్కడివారిని ఇక్కడికీ మార్పించారు. పాపం, ఆ పెద్దమనిషి అప్పటి నుంచి పనిచేయవలసి వచ్చింది.

ఈ నియమనిష్ఠలు గడప దగ్గర ఆగి ఉంటే నాకు వ్రాయడానికేమీ ఉండేది కాదు. మా ఇంట్లో బెంచీలు రెండు: అత్తగారిది, నాది. ఆయన కేటాయిస్తారు, తీర్పు చెప్పరు. అత్తగారి ఎదుట అందరూ నిర్దోషులే కనుక పిల్లలిద్దరూ అటే పరుగెత్తేవారు. "ఈసారి వంతు అమ్మది," అని ఆయన చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తెచ్చి అప్పగించేవారు.

అటువంటి ఇంట్లో మా అమ్మాయికి సరుకు ఓడలో ఇంజను గది శిక్షణకు పిలుపు వచ్చింది. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఆ చోటు మరొకరికి పోతుంది.

"నాన్నా, ఈ ఒక్కసారికి నువ్వే చెప్పు. వెళ్ళనా, వద్దా?"

"నాది కేటాయింపే తల్లీ. వంతు నానమ్మది."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చెప్పనురా. ఇది వెళ్ళిపోతే నా గదిలో నాతో కబుర్లాడేదెవరు? నా నోట వద్దనే వస్తుంది. అది న్యాయం కాదు. తప్పుకుంటున్నా."

వంతు నాకు వచ్చింది. "అది అడగకముందే నేను వద్దని తేల్చేసుకున్నాను. నేనూ పనికిరాను," అన్నాను.

"పోనీ నియమం పక్కన పెట్టి నువ్వే చెప్పరా," అన్నారు అత్తగారు.

ఆయన గోడ వైపు తిరిగి, "మీ ఇద్దరికంటే నేను ఇంకా పనికిరాను," అన్నారు.

ఇక బయటివారే శరణ్యం. మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన పళ్ళ డాక్టరును తీసుకొచ్చారు. మా అమ్మాయి పేరు కూడా తెలియదన్నదే అతని అర్హత. భుజం మీద తువ్వాలుతో వచ్చి, అతను అంతా విన్నాడు.

"వెళ్ళాలని ఉందామ్మా?"

"ఉందండీ."

"భయంగా ఉందా?"

"కొంచెం."

"నా కుర్చీలో కూర్చునే వాళ్ళందరికీ ఉంటుంది. అయినా కూర్చుంటారు. వెళ్ళిరా." లేస్తూ అత్తగారి వైపు చూసి, "ఆ కింది పన్ను ఒకసారి చూపించుకోండి మామ్మగారూ," అన్నాడు.

"దీని మీద అప్పీలు లేదట్రా?" అన్నారు అత్తగారు.

"లేదమ్మా," అన్నారు మావారు. అమ్మాయి పెట్టె ఆయనే సర్దారు. ఒక్క స్వెటరునే విప్పి మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టి, నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

తన ఇష్టాన్ని పక్కకు నెట్టి ఎవరి కేసు వారికి చేర్చిన ఈ మనిషికి నేటి నుంచి ఏ పదవీ లేదు కనుక, ఇష్టాలు ఉండవచ్చు. వచ్చే నెల అమ్మాయి పనిచేసే ఓడ రేవుకు వస్తోంది. వెళ్ళి చూడాలని ఉందని నిన్న ఆయన నసుగుతూ అన్నారు. మా ఇద్దరికీ ఇందులో పూర్తి స్వార్థం ఉన్నప్పటికీ, అత్తగారూ నేనూ ఈసారి తప్పుకోలేదు. ఏకగ్రీవంగా అనుమతించి, మా పెట్టెలు కూడా సర్దుకున్నాము. ఆయన ఆయురారోగ్యాలతో, మోకాళ్ళ సహకారంతో, ఆ ఓడ మెట్లు ఎక్కగలిగినంత కాలమూ, ఆపైన ఒడ్డున కుర్చీ వేసుకుని కూతురికి చెయ్యి ఊపగలిగినంత కాలమూ చల్లగా ఉండాలని మా ఇంటిల్లిపాది ఆకాంక్ష.