స్పగెటీకి గంజి

కరోనాతో మగ్గాలు మూతపడ్డ వేసవి. సూరత్ పర్వత్ పాటియాలోని ఒక గదిలో వలస వచ్చిన నేత కార్మికుడు సంచి సర్దుకుంటున్నాడు. అతని భార్య పొయ్యి దగ్గర ఉంది.

“రేపు రైలెక్కి ఊరికి పోదామంటే, కూసొని గీ దారాలు ఉడకబెడుతున్నవేంది?”

“దారాలు గాదు, స్పగెటీ. మన గల్లీ డాక్టరమ్మ వండిపెట్టుమన్నది. నచ్చితే ఆమె ఆస్పత్రోళ్లందరికీ రోజూ నేనే వండాలె. నేనైతే ఊరికి రాను.”

“మాంసం కీమాల గన్ని టమాటలేసినవ్?”

“గట్లనే వెయ్యాలె. సన్నమంట మీద మెల్లగ మగ్గాలె. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, జర మిరియాలు, గంతే. మసాలా లేదు.”

“మసాలా లేని కీమా ఎవలు తింటరు?”

“అడిగినోళ్లు తింటరు. జర జరుగు, స్పగెటీని నల్లా కింద కడుగుత.”

“ఆగు, కడగకు. గంజంత పోతది. గంజి లేకుంటె పడుగు దారం మగ్గం మీద నిలుస్తదా? గీడ గూడ గంతే. గంజి ఉంటెనే కీమా అంటుకుంటది. ఇటియ్యి, నేను వారుస్త.”

“చెయ్యి కాలుతది, పైలం.”

“ఇన్నేండ్లు నూలుకు గంజి పెట్టిన చెయ్యి ఇది. ఆ గంజినీళ్లు పారబొయ్యకు, ఒక గంటెడు కీమాల పొయ్యి.”

“డాక్టరమ్మ గూడ గదే చెప్పింది.”

“మరి తెలిసి గూడ కడుగుతనన్నవేంది?”

“సంచి ఇడిసి నువ్వు పొయ్యికాడికి వస్తవా, రావా అని చూసిన.”





“రైలుకు రాయించిన మన పేర్లు కొట్టెయ్యమని చెప్పొస్త. నేనొచ్చేదాక కలపకు. నీది మోటు చెయ్యి, పోగులు తెగుతయ్.”